పౌడరు కాదురా, చేతులు కావాలి

ఒరే సూరిబాబూ,

పక్షవాతంతో మంచాన పడ్డ మామ్మగారికి ఏ పౌడరు రాయాలని అడిగావు. ఏదీ వద్దు. మన కోనసీమ ఉక్కకి చెమటతో ఉండకట్టి, మడతల్లో ఇసకలా ఒరుసుకుంటుంది. తడి అయినప్పుడల్లా ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, పలచగా వాజిలైన్ రాయండి.

ముందు ఆవిణ్ణి పక్కకి తిప్పి, ఒకేచోట పడుకున్న ఒత్తిడికి పుండ్లు పడుతున్నాయేమో నడుం కింద, పిర్రల మధ్య ఎముక దగ్గర చూడు. తర్వాత మడమలు, తుంటి, మోచేతులు. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్లీ ఎర్రనైతే ఇంకా మన చేతిలో ఉన్నట్టే. నొక్కినా ఎరుపు పోలేదంటే, తోలు చిట్లకపోయినా పుండు మొదలైపోయింది. చామనచాయ ఒంటిమీద ఎరుపు సరిగ్గా తెలీదు కాబట్టి చుట్టూ కంటే నల్లగా, వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడు. అక్కడ నూనె పెట్టి మర్దనా చేద్దామంటారు ఎవరో ఒకరు. ఒప్పుకోకు. రక్తం అందక నలిగిన కండ ఇంకా చితుకుతుంది. మధ్యలో కన్నమున్న గాలి రింగూ వద్దు, దాని అంచే చుట్టూ నొక్కేస్తుంది.

రెండు గంటలకోసారి ఎడమ, వెల్లకిల, కుడి. పూర్తిగా పక్కకి పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీదే పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద ఇంకో దిండు, మడమలు గాల్లో ఉండాలి. పైకి జరపాలంటే ఈడ్చొద్దు, నడుం కింద మడత దుప్పటి వేసి ఇద్దరు చెరోవైపు ఎత్తండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని అస్సలు లాగొద్దు, భుజం కీలు జారుతుంది. నులక మంచం మధ్యలో గుంటపడుతుంది, మార్చెయ్. ఎయిర్ బెడ్డు మంచిదే గానీ, అది వేశామని తిప్పడం మానేస్తారు చూడు, అక్కడే వస్తుంది చిక్కంతా.

తిండి మాట. మింగగలరో లేదో డాక్టరుగారు చూశాకే నోటికివ్వాలి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో. పలచటి మజ్జిగ, నీళ్లే ఎక్కువ పొరమారతాయి, చిక్కటి జావ నయం. తిన్నాక గొంతు గరగరమంటే ఆపెయ్. పడిపోయిన వైపు బుగ్గలో అన్నం ముద్ద దాగుంటుంది, వేలికి గుడ్డ చుట్టి తీసెయ్. అరగంట కూర్చున్నాకే వాల్చాలి.

ఈ వయసులో దాహం తెలీదు, అడిగేదాకా ఆగొద్దు. బొండాలకి మనకేం కొదవ, కానీ కిడ్నీ జబ్బుంటే, కొన్ని బీపీ మాత్రలు వాడుతుంటే అందులోని పొటాషియం ప్రమాదం; డాక్టరుగారిని అడిగే ఇవ్వు.

ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే చాదస్తమనుకోవద్దు. నీరు తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షనొచ్చినా, సుగరు పడిపోయినా అంతే. మూతి వంకర పెరిగినా, మాట ముద్దయినా 108కి ఫోన్ చెయ్యి.

మడమలెలా ఉన్నాయో చూసి, రాత్రి తిప్పడానికి ఇంట్లో ఎవరెవరున్నారో రాయి. వంతులు నేనేసి పంపుతా.

నీ
లక్ష్మి