వార్షిక నివేదిక: పిల్లలు చెప్పారు, మనం ఎలా విన్నాం

సభ్యులందరికీ నమస్కారం.

టెన్త్ పిల్లలకు సాయంత్రం ట్యూషన్లు, కంటి పరీక్షల క్యాంపు, మొక్కలు నాటడం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒక్క విషయానికే ఇస్తున్నాను.

కొన్నేళ్లుగా నల్లగొండలోనూ, దేవరకొండ వైపు ఊళ్లలోనూ బడిపిల్లలకు గుడ్ టచ్, బ్యాడ్ టచ్ గురించి చెబుతున్నాం. పిల్లలు చక్కగా అప్పజెప్పేవాళ్లు. వాళ్లు నిజంగా వచ్చి చెబితే వినేవాళ్లు ఇంట్లో ఉన్నారా అన్నది మాత్రం మనం చూసుకోలేదు. అందుకే ఈ ఏడాది ఆ తరగతులు తల్లులకు, నాయనమ్మలకు, ట్యూషన్ చెప్పేవాళ్లకు పెట్టాం. దానికి కారణం నేను చేసిన ఒక తప్పు. తల్లి ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

అమ్మానాన్నలు మేస్త్రీ పనికి వలసపోతే నాయనమ్మ దగ్గర ఉండే పాప. బతుకమ్మకు ముందు, తంగేడు పూలు విడదీస్తున్న నా దగ్గరకు పాల క్యాన్ పట్టుకొని వచ్చింది. "ఆ ఇంటికి పాలకు నేను పోనక్కా" అంది. ఎందుకే అంటే, "ఆ తాత మంచోడు కాదు" అంది. "ఇన్ని రోజులు పోయినవ్ గదా, ఇప్పుడేమైంది?" అన్నాను. క్యాన్ మూత తీసింది, మళ్లీ గట్టిగా నొక్కింది. "ఏం లేదక్కా, ఆ ఇంట్ల కుక్క ఉంటది" అని వెళ్లిపోయింది. కుక్క మాట నమ్మడం నాకు తేలిక, అందుకే నమ్మాను.

పిల్లలు చాలాసార్లు ఇలాగే చెబుతారు. ఫలానా ఇంటికి పోనంటారు, కడుపునొప్పి అంటారు, మళ్లీ పక్క తడుపుతారు. సగం మాట వదిలి మన మొహం చూస్తారు. ఆ మొహంలో కోపమో భయమో కనిపిస్తే మిగతా సగం మింగేస్తారు.

తర్వాత ఆ పాప బట్టలు కుట్టే మన సభ్యురాలికి చెప్పింది. ఆమె మొదట మిషన్ ఆపలేదు, తొక్కుతూనే ఊఁ కొట్టింది. పాప చెప్పడం అయ్యాక ఆపి, "నాకు చెప్పి మంచి పని చేసినవ్ బిడ్డా, నీ తప్పేం లేదు" అంది. ఎవరికీ చెప్పొద్దని పాప ఏడిస్తే, "అట్ల మాటియ్యలేను. నిన్ను కాపాడేటోళ్లకే చెప్త" అంది. ఎక్కడ, ఎన్నిసార్లు అని గుచ్చి గుచ్చి అడగలేదు. అదే రోజు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం, తల్లిని పిలిపించాం.

పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. పాప వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పిల్లల్ని రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. మన సభ్యుల్లో చాలామందికి ఇవేవీ తెలియవు. పాపను స్టేషన్ చుట్టూ తిప్పుతారేమోనన్న టెన్షన్‌తోనే ఎన్నో ఇళ్లలో నోరు మూస్తున్నారు.

మరునాడే పెద్దమనుషులు రాజీకి వచ్చారు. పరువు అన్నారు, రేపు పెళ్లి ఎట్లా అన్నారు. ఇది రాజీతో తీరే కేసు కాదని చెప్పి పంపాం. కానీ రెండ్రోజులకు పాపే "నేను అబద్ధం చెప్పిన" అంది. నాయనమ్మ అన్నం ముట్టలేదు, తల్లి గోడకు తల కొట్టుకుంది. తన మాట వల్లే ఇల్లు ఇట్లా అయిందని తొమ్మిదేళ్ల పిల్లకు అర్థమైంది. మన కమిటీలో కూడా ఒకరిద్దరు ఊగిసలాడారు. పిల్లలు ఆలస్యంగా చెప్పడం, చెప్పాక వెనక్కి తీసుకోవడం మామూలుగా జరిగేవేనని అమెరికన్ మనోవైద్యుడు రోలండ్ సమ్మిట్ 1983లోనే రాశాడు. పాప మాట మార్చిందని మనం మారలేదు. మన సభ్యురాలు రోజూ వెళ్లి, పాపతో ఏమీ అడగకుండా కూర్చుంది. ముందు తల్లి చేత అన్నం తినిపించింది. నా దృష్టిలో ఈ ఏడాది సంఘం చేసిన అతి పెద్ద పని అదే. కేసు కోర్టులో ఉంది, అంతకు మించి రాయకూడదు.

మగపిల్లల విషయంలో మనం వెనకబడ్డాం. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో, లైంగిక వేధింపులు ఎదురయ్యాయన్న పిల్లల్లో సగానికి పైగా అబ్బాయిలే. వాళ్లు చెప్పుకోవడానికి మన దగ్గర ఇంకా మగవాళ్లు లేరు. వచ్చే ఏడాది ఈ పనికి వినే ఓపిక ఉన్న నలుగురైదుగురు తండ్రులు, మాస్టార్లు కావాలి. పేర్లు కార్యదర్శికి ఇవ్వండి. దసరా తర్వాత పత్తి ఏరుడు మొదలైతే ఇళ్లలో పెద్దలుండరు కాబట్టి, ఆలోపే వాళ్లకు శిక్షణ పూర్తి చేయాలి.

ఆ పాప ఇప్పుడు పాలకు పోవడం లేదు. నాయనమ్మ ప్యాకెట్ పాలు తెప్పించుకుంటోంది.