నీ కొలిమి ఫోటో చూశాక

చిట్టితల్లీ,

నీ దగ్గరి నుంచి ఉత్తరం వచ్చి 52 రోజులైంది. ఫోను చేస్తే పనిలో ఉన్నాను, రాత్రికి మాట్లాడతాను అంటావు. రాత్రికి ఫోను రాదు. నిప్పు దగ్గర ఉన్న మనిషిని మాటిమాటికీ పిలవకూడదని మీ నాన్న అంటారు, అందుకని ఇలా రాస్తున్నాను. ఉత్తరమైతే నీకు తీరిక దొరికినప్పుడు చదువుకుంటావు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది. పెద్దబాబాయి వచ్చి రెండు రోజులుండి వెళ్లారు. ఆ పాత సంగతి ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఆయన వెంట చిన్నత్త కూడా వచ్చింది. మాటల మధ్యలో, నీ ఎడమ చేతికి కట్టు ఉండగా ఎవరో చూశారట అంది. ఎవరు చూశారో, ఎప్పుడో చెప్పలేదు. చిన్నత్త మాటలు నీకు తెలియనివి కావు. నేనూ ఆ మాట అంతటితో వదిలేశాను.

బుజ్జి ఫోనుకు నువ్వు పంపిన ఫోటోను పెద్దదిగా అచ్చు వేయించి తెచ్చుకున్నాను, నీ షెడ్డు బాగా చూద్దామని. గోడలు బాగున్నాయి. రేకుల కప్పు ఎత్తుగా ఉంది, గాలి ఆడుతుంది. ఇనుము పెట్టి కొట్టే దాగలి పక్కన నిలబడి నవ్వుతున్నావు. కుడి చేతిలో సుత్తి ఉంది. ఎడమ చేయి వెనక్కి పెట్టుకున్నావు. ఫోటోకు చాలామంది అలాగే నిలబడతారు.

మన కొలిమిని ఉన్నదున్నట్టు అక్కడ దించేశావు. కొలిమి ఎక్కడ, నీళ్ల తొట్టి ఎక్కడ, ఇనుము బిగించే వైసు ఎక్కడ, ఆఖరికి సుత్తులు తగిలించిన వరుస కూడా అదే. చూడగానే నా కళ్లు చెమ్మగిల్లాయి. మీ నాన్న మాత్రం ఏమీ అనలేదు. చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి, కుట్టుపెట్టెలోంచి దారం ముక్క తెచ్చారు. ఫోటో మీద నీ మడమ నుంచి పిడికిలి దాకా దారం పరిచి గోటితో పట్టుకున్నారు. అదే దారాన్ని దాగలి కింది మొద్దు పక్కన పెట్టారు. దాగలి ఇంకా పైకే ఉంది. "ఇది నా ఎత్తుకు పెట్టింది. దీనిది కాదు" అన్నారు.

నిటారుగా నిలబడు. చేయి వదులుగా దించి పిడికిలి బిగించు. వేళ్ల కణుపులు ఎక్కడికి వస్తే దాగలి ముఖం అక్కడికి రావాలి. చాలామందికి సరిపోయే కొలత అది. కాస్త అటూ ఇటూ నీ ఒళ్లే చెబుతుంది. దాగలి మరీ కిందికుంటే నడుము వంగిపోతుంది. ఎత్తుగా ఉంటే దెబ్బ భుజంలోంచి వస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. సుత్తి నీ వైపు అంచు మీద పడి ఇనుము నిండా నెలవంకల్లాంటి గాట్లు పడతాయి. నువ్వు చేసిన కత్తుల మీద అలాంటి గాట్లు ఉంటే, నీ చేతిలో తప్పుందని అనుకోకు. మొద్దును అడుగు నుంచి కోయించు. దాగలి కూర్చున్న పైమట్టాన్ని కదపకు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ నాన్నది ఎడమచేతి వాటం. ఆయన సుత్తి ఎడమ చేత్తో పడతారు, పటకారు కుడి చేత్తో పడతారు. అందుకే మన దగ్గర పటకార్లు తగిలించే కమ్మీ కొలిమికి కుడి పక్కన ఉంది, దాగలి చివరి మొన, అదే కొమ్ము, కుడి వైపుకు తిరిగి ఉంది. నీది కుడిచేతి వాటం. పటకారు పట్టేది నీ ఎడమ చేయి. ఫోటోలో పటకార్లు కొలిమికి కుడి పక్కనే వేలాడుతున్నాయి. ఒక పటకారు పెట్టి ఇంకోటి అందుకోవాలంటే నీ ఎడమ చేయి నిప్పు మీదుగా వెళ్లి రావాలి. రోజుకు ఎన్నిసార్లు మారుస్తావో నువ్వే లెక్కపెట్టుకో. నువ్వు మన కొలిమిలో ఎన్నేళ్లు సమ్మెట కొట్టినా, దాగలికి అవతలి వైపే నిలబడ్డావు గానీ ఆయన చోట ఒక్కరోజూ నిలబడలేదు. నీకెలా తెలుస్తుంది? మేము చెప్పవలసింది. మేమే చెప్పలేదు.

పటకార్లు ఎడమ పక్కకు మార్చు. ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యాక కాదు, ఇప్పుడే లేచి మార్చి వచ్చి మిగతాది చదువు. దాగలి కొమ్మును ఎడమ వైపుకు తిప్పు. కొమ్ము విషయంలో తలా ఒక మాట చెబుతారు, కుడిచేతి వాటం వాళ్లలో ఎక్కువమంది ఎడమకే పెట్టుకుంటారు. నీకు కుదరకపోతే మళ్లీ తిప్పుకోవచ్చు. పటకార్ల విషయంలో మాత్రం రెండో మాట లేదు.

పెద్ద షెడ్డు దొరికిందని సామానంతా దూరదూరంగా పరిచావు. గోడ వారన కొలిమి, నడిమధ్యలో దాగలి. నా కంటికి నాలుగడుగుల నడక కనిపిస్తోంది. నిప్పులోంచి తీసిన ఇనుము, ఒక అడుగు వేసి ఒంటిని తిప్పితే దాగలి మీద ఉండాలి. అంతకుమించి దూరం పనికిరాదు. సన్నకమ్మీ గాలి తగలగానే ఎరుపు దిగిపోతుంది, నువ్వు నాలుగడుగులు నడిచేసరికి దానికి ఒక్క దెబ్బ కూడా మిగలదు. వేడి తగ్గిందని ఇంకా గట్టిగా కొడతావు, పగులు వస్తుంది. మరీ దగ్గరగానూ వద్దు, సెగ వీపుకు తగులుతుంది. కొలిమి, దాగలి, వైసు మూడూ మూడు మూలలుగా ఉండి, మధ్యలో నువ్వు ఉండాలి. ఆ మధ్య జాగాలో చీపురు కూడా ఉండకూడదు. వైసు దవడలు నీ మోచేతి ఎత్తుకు రావాలి, ఆకురాయి పట్టేటప్పుడు చేయి నేలకు సమంగా ఆడాలి.

ఫోటోలో ఇంకొకటి చూశాను. కిటికీలోంచి ఎండ సూటిగా కొలిమి మీద పడుతోంది. బల్ల మీద వెలుగు కావాలి, కొలిమి దగ్గర నీడ కావాలి. ఎండలో ఎర్రటి ఇనుము కూడా నల్లగా కనిపిస్తుంది. సరిగ్గా కాలలేదనుకుని ఇంకా కాలుస్తావు, ఉక్కు మాడిపోతుంది. ఉక్కు గట్టిపడేలా కాల్చి ముంచి పదును పెట్టేటప్పుడు రంగును నమ్మలేకపోతే అయస్కాంతం దగ్గర పెట్టుకో. ఇనుము 770 డిగ్రీలకు చేరితే అయస్కాంతానికి అంటుకోదు. ఒక తీగకు కట్టి కొలిమి పక్కనే వేలాడదీయి, బల్ల సొరుగులో ఉంటే దాని కోసం వెతికేసరికి వేడి పోతుంది. ఆ కిటికీకి ఒక గోనెపట్టా కట్టు. కొలిమికి దూరంగానే కట్టు.

ఎండ అంటే గుర్తొచ్చింది. నువ్వు పుట్టకముందు మన కొలిమి ఇలా లేదు. పడమటి తలుపు తెరిచి ఉండేది, సాయంత్రమైతే ఎండ బల్ల దాకా వచ్చేది. వేడి వస్తువులకు ఒక చోటంటూ లేదు, ఎక్కడ జాగా ఉంటే అక్కడ పెట్టేవారు. ఒకరోజు తలుపు బందులు డజను చేసివ్వాలి, తెల్లారితే మనిషి వస్తాడు. నేను తిత్తి కొడుతున్నాను. మీ నాన్న ఒక్కో బందు పూర్తిచేసి బల్ల చివర పెడుతున్నారు, ఆకురాళ్ల పక్కన. పదకొండోది పెట్టారో లేదో, ఆకురాయి ఇవ్వమన్నారు. నేను తిత్తి వదిలి బల్ల దగ్గరికి వెళ్లాను. ఆకురాయి మీద ఒక బందు అడ్డంగా ఉంది. నల్లగా, అంచున కాస్త నీలంగా, చల్లారినట్టే ఉంది. ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. పక్కకు జరుపుదామని పట్టుకున్నాను.

మొదట నొప్పి తెలియలేదు. చుయ్యిమన్న చప్పుడు విన్నాను. వదలాలనుకుంటే వేళ్లు తెరుచుకోలేదు. మీ నాన్న పటకారు కొనతో కొట్టి దాన్ని కింద పడేశారు. నీళ్ల తొట్టి అప్పుడు వైసుకు అవతల ఉండేది, మధ్యలో తుక్కు ఇనుము కుప్ప. ఆ కుప్ప చుట్టూ తిరిగి వెళ్లాలి. తరువాత లెక్కపెట్టాను, తొమ్మిది అడుగులు. తీరా వెళ్తే ఆ తొట్టిలో నీళ్లు మసితో, తుప్పుతో నల్లగా ఉన్నాయి. ఆ నీళ్లలో చేయి పెట్టనివ్వకుండా మీ నాన్న నన్ను ఇంట్లోకి నడిపించి, మంచినీళ్లు ధారగా పోస్తూ నిలబడ్డారు. ఆయన చేతులు వణకడం నేను చూసింది ఆ రోజే.

మర్నాడు నిప్పు వేయలేదు. ఆయన పటకారుతో చల్లటి కమ్మీ పట్టుకుని, పని చేస్తున్నట్టే కొలిమి నుంచి దాగలికి, దాగలి నుంచి తొట్టికి, వైసుకు తిరిగారు. నేను కట్టు కట్టని చేత్తో సుద్దముక్క పట్టుకుని ఆయన పాదం పడిన ప్రతిచోటా గీత గీశాను. సాయంత్రానికి నేలంతా తెల్లగా అయింది. ఎక్కడ గీతల మీద గీతలు పడ్డాయో అక్కడి సామానంతా తీసేశాం. తొట్టిని కొలిమి పక్కకు తెచ్చాం, వెనక్కి అడుగు వేస్తే కాలికి తగలకుండా. తుక్కు కుప్ప బయటికి పోయింది. పడమటి తలుపుకు తడక కట్టాం. వేడిది ఏదైనా పెట్టడానికి ఇసుక పోసిన ఇనుప పళ్లెం ఒకటి ఏర్పాటు చేశాం. అందులో ఉన్నది ఎంత నల్లగా ఉన్నా వేడిదే అని అర్థం. నువ్వు నడక నేర్చినప్పుడు ఆ పళ్లెం వైపు వెళ్తే ఎందుకంత గట్టిగా అరిచేదాన్నో ఇప్పుడు తెలిసిందా?

నా అరచేతిలో అడ్డంగా ఉన్న మచ్చను నువ్వు చిన్నప్పుడు వేలితో రుద్దుతూ నిద్రపోయేదానివి. ఇదేమిటని అడిగితే ఉలి గాటని చెప్పాను. అది ఉలి గాటు కాదు. మా అమ్మకు కూడా నేను అలాగే చెప్పాను. ఆమె బెంగపడుతుందని, పని మానేయమంటుందని నెలరోజులు పుట్టింటికి వెళ్లలేదు. పని మానేయమని నేను నిన్ను అనను, తల్లీ. ఎప్పుడూ అనలేదు, ఇక ముందూ అనను. ఈ ఒక్కమాట నువ్వు నమ్మాలి.

మిగతావి త్వరగా రాస్తాను, మళ్లీ ఉపన్యాసం అంటావు. పదును పెట్టే నూనె ఇనుప డబ్బాలోనే ఉండాలి, పక్కనే మూత ఉండాలి. నూనె అంటుకుంటే ముందు మూత పెట్టాలి, నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా వేస్తే వాటంతట అవే అంటుకుంటాయి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయి. జింకు పూత ఉన్న పైపులు, రేకులు నిప్పులో పెట్టకు. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, ఆ పొగ పీల్చితే చలిజ్వరం వస్తుంది. అలాంటి తుక్కును మంచి ఇనుముతో కలపకుండా వేరే మూలలో పెట్టు. ఏ కమ్మీ ఏ ఉక్కో కొన మీద రంగు వేసి గుర్తు పెట్టుకో, ముక్కగా కోసేటప్పుడు రంగు లేని వైపు నుంచి కోయి. గ్రైండరు నిప్పురవ్వలు నూనె వైపు, గ్యాసు సిలిండర్ల వైపు పడకూడదు. సిలిండర్లు నిలబెట్టి గొలుసుతో గోడకు కట్టు. డ్రిల్లు దగ్గర చేతొడుగులు వేసుకోకు, చుట్టుకుపోతాయి.

పొగగొట్టం ఉంది కదా అని తలుపులు మూసి పని చేయకు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పిగా ఉంటే అలసట అనుకుని అక్కడే కూర్చోకు, బయటికి రా. ఆ షెడ్డులోనే మంచం వేసుకున్నావని కూడా విన్నాను. అది ఎంతమాత్రం వద్దు. నిప్పు ఆర్పాక అరగంట ఉండి, అన్ని మూలలూ చూసి, తాళం వేసి ఇంటికి వెళ్లి పడుకో. వేళకు తిను.

ఒక చిన్న కుండలో మంచినీళ్లు షెడ్డులో ఉంచు, నల్లనీళ్ల తొట్టి కాకుండా. కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. మంచుగడ్డ పెట్టకూడదు, నూనెలూ పేస్టులూ పూయకూడదు, బొబ్బ చిదపకూడదు. అరచేయి గానీ వేళ్లు గానీ కాలితే డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే వేళ్లు బిగుసుకుపోతే పటకారు పట్టు పోతుంది. ఇది అందరికీ పనికొచ్చే మాట అని రాశాను.

నేను చెప్పినవన్నీ ఒకేసారి చేయలేవు. ఒకరోజు నిప్పు వేయకుండా చల్లటి కమ్మీతో తిరుగు, నీతో పనిచేసే అమ్మాయిని సుద్దతో గీతలు గీయమను. ఆ గీతలు నీవి, మీ నాన్నవి కావు. వాటిని బట్టి సామాను సర్దుకో. అప్పుడు ఆ షెడ్డు మా కొలిమిలా కనిపించకపోయినా నాకేమీ బాధ లేదు.

మీ నాన్న నిన్నటి నుంచి కొలిమి వెలిగించారు. మోకాలు నొప్పి అని రెండు నెలలుగా అటు వెళ్లని మనిషి. నీ కోసం పటకార్లు తగిలించే కమ్మీ చేస్తున్నారు, ఎడమ పక్కన బిగించేటట్టు. కొక్కేలు ఎన్ని కావాలో రాయమన్నారు. ఎనిమిది చాలా, పది కావాలా?

నేను నీకు తోలు చేతొడుగులు కుడుతున్నాను. పటకారు పట్టే చేతికి దళసరి తోలు తెచ్చాను. కొలత కావాలి. ఒక తెల్లకాగితం మీద చేతులు పరిచి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. కుడిది లేకపోయినా ఫరవాలేదు, ఎడమది తప్పకుండా గీయి. వేళ్లు బాగా చాపి, ఐదూ విడివిడిగా కనిపించేలా గీసి, ఈ వారంలోనే పంపించు.

ప్రేమతో,
అమ్మ