నాన్నగారి కొట్టు క్యాసెట్లు

ట్రాయ్, మిచిగన్

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. ఆఫీసు మామూలే, చెప్పుకోడానికేం లేదు. చలి ముదిరింది గానీ ఇంట్లో హీటర్ ఉంది, అమ్మను బెంగపడొద్దనండి. కంట్లో చుక్కలు టైముకి వేసుకుంటున్నారా? వేసుకుంటున్నారనే అంటుంది అక్క. మీ నోటితో చెబితేగాని నాకు స్థిమితం ఉండదు.

డిస్కుల్లోకి ఎక్కించడానికి మీరు పంపిన మన వీడియో కొట్టు సినిమా క్యాసెట్లన్నీ భద్రంగా చేరాయి. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేకి బొమ్మ చెరిగిపోతుందేమోనని తెగ భయపడ్డారు కదా, ఎక్స్‌రే వాటినేమీ చెయ్యదు. టేపుకి పడనిది అయస్కాంతం, ఆ తర్వాత చెమ్మ. తెనాలి వానలకి కొన్నిటి లోపల చుట్ట అంచున తెల్లగా బూజు పట్టింది. వాటిని విడిగా మూటకట్టి పెట్టాను. మంచి వీసీఆర్‌లో పెడితే ఆ బూజు టేపుని చదివే హెడ్డుకి అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. ఒక్కొక్కటీ ఐదు మరలూ విప్పి, డిప్ప తీసి, పొడి మెత్తటి గుడ్డ మధ్యనుంచి టేపుని చేత్తో చుడుతున్నాను. మాస్కు పెట్టుకునే చేస్తున్నానని అమ్మతో చెప్పండి. హెడ్డు మాత్రం మీ పద్ధతే: తెల్లకాగితం స్పిరిట్‌లో తడిపి కదలకుండా ఆనించి పట్టుకుని, హెడ్డు ఉండే డ్రమ్ముని వేలితో మెల్లగా తిప్పడం. స్కూలు నుంచి వచ్చి కొట్లో మీ పక్కన స్టూలు మీద కూర్చుని చూసిందంతా చేతికి గుర్తుంది నాన్నగారూ.

ఇక్కడి వీసీఆర్‌లో మన క్యాసెట్లు ఆడవు. వీళ్ళ టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, 525 గీతల బొమ్మ. మనది పాల్, 625 గీతలు. రెండూ ఆడే పాత మల్టీసిస్టమ్ వీసీఆర్ ఒకటి మీ అల్లుడుగారు ఎక్కడెక్కడో వెతికి కొనిచ్చారు. కొత్తది కొందామన్నా లేదు. ఆఖరిదాకా తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. అందుకే తొందరపడుతున్నాను. క్యాసెట్ బాగున్నా ఆడించే మిషన్ లేకపోతే ఏం లాభం?

ఇక్కడ ఒక షాపులో ముందు ఒక క్యాసెట్ ఇచ్చి చూశాను. బొమ్మని అడ్డంగా సాగదీసి, కొత్త టీవీ తెర నిండేట్టు చేసి ఇచ్చారు. మొహాలన్నీ వెడల్పు. నాకు కడుపు మండిపోయింది. ఇక ఎవరికీ ఇవ్వదలుచుకోలేదు.

బాబాయ్ మాట అక్క చెప్పింది. అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి, మాయాబజార్‌కి రంగులు కూడా వేశారు, దీనికింత శ్రమ ఎందుకని. 2010లో రంగులు వేసిన సంగతి నాకూ తెలుసు, వేసినవాళ్ళు బాగానే కష్టపడ్డారు. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ గారు 1957లో ఆ వెన్నెలని నలుపుతో, తెలుపుతో కట్టారు. ఆ పడవ, ఆ నీళ్ళ మీద మెరుపు నాకు అలాగే కావాలి. నెట్‌లో దొరికేవాటిలో కొన్నిటికి పాటలు ఎగిరిపోయాయి, కొన్నిటికి పైనా కిందా కోసేశారు. కొన్ని అసలు కనపడనే లేదు. పైగా అట్ట మీద మీరు ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రాసిన నంబరు యూట్యూబ్‌లో ఉంటుందా? బాబాయ్‌తో నేనిలా అన్నానని చెప్పకండి.

ఒక సంగతి మీకు బాగా నచ్చుతుంది. సినిమా రీలు సెకనుకి 24 బొమ్మలు. మన వీడియో 25. అందుకని క్యాసెట్‌లో సినిమా కాస్త పరుగెడుతుంది, మూడు గంటలది ఏడు నిమిషాల ముందే అయిపోతుంది. ఘంటసాల గారి గొంతు కూడా ఆ మేరకు పైకి లేస్తుంది. ఆ తేడా కంప్యూటర్లో సరిచేసి హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ పెడుతున్నాను. మీకు పంపే డిస్కుల్లో మాత్రం ముట్టుకోలేదు. కొట్లో మీరు కూనిరాగం తీసింది ఆ శ్రుతిలోనే. నా చెవికి అదే మన ఇంటి పాట.

టేపులోని రొదవల్ల బ్లాక్ అండ్ వైట్ బొమ్మ మీద ఎర్రగా, పచ్చగా మరకలు కదులుతుంటే రంగు పూర్తిగా సున్నాకి దించేశాను. తెలుపు తెల్లగా వచ్చింది. మూడు గంటల సినిమాని 4.7 జీబీ డిస్కులో కుక్కితే చీకటి సీన్లు గళ్ళుగళ్ళుగా విరిగిపోతున్నాయి. కాబట్టి ఒక్కో సినిమా రెండు డిస్కులు, సరిగ్గా ‘విశ్రాంతి’ అని పడే చోట మొదటిది ఆగుతుంది. లేచి మార్చడం అక్క కొడుకు చూసుకుంటాడు, మీరు కుర్చీలోంచి లేవకండి.

రాత్రుళ్ళు నిద్ర మానుకుంటున్నానని అమ్మకి ఎవరు చెప్పారో గానీ అది నిజం కాదు. మూడు గంటల సినిమా ఎక్కడానికి మూడు గంటలూ పట్టాల్సిందే, అంతసేపూ ఎదురుగా కూర్చోనక్కర్లేదు. వంట చేసుకుంటాను, బట్టలు మడత పెట్టుకుంటాను. ఆయన ప్రాజెక్టు పనిమీద వారమంతా చికాగోలో ఉంటున్నారు, పిల్లాడు హాస్టల్లో. సాయంత్రం ఐదున్నర దాటితే బయట చీకటి. అప్పుడు హాల్లోంచి సూర్యకాంతం గారి కేకలు వినపడుతుంటే నాకెంత ధైర్యంగా ఉంటుందో అమ్మకి మీరే నచ్చజెప్పండి. వేళకే తింటున్నాను. అక్క పంపిన గోంగూర పచ్చడి ఇంకా ఉంది.

అటక మీద మిగిలినవి పాత సామాన్లవాడికి వెయ్యొద్దు. మీరు నిచ్చెన ఎక్కొద్దు, కన్ను నయమయ్యేదాకా అసలొద్దు. అక్క కొడుకుతో దింపించి, పుస్తకాల్లాగా నిలబెట్టి, బీరువాలో పెట్టించండి. ఆడతాయో లేదో చూద్దామని మన పాత వీసీఆర్‌లో పెట్టొద్దు, బూజు ఉంటే టేపు తెగుతుంది. సంక్రాంతికి అక్క తోడికోడలు వాళ్ళు ఇటు వస్తున్నారట, వాళ్ళ సామానులో పట్టినన్ని పంపండి.

మీ అమ్మాయి

తా.క.: ఒకదానికి అట్ట చిరిగిపోయింది, నంబరు లేదు, మొదట్లో పేర్లూ పోయాయి. రమణారెడ్డి, గిరిజ కనిపిస్తున్నారు. ఆదివారం వీడియో కాల్‌లో తెరకి ఫోను పెట్టి చూపిస్తాను, ఏ సినిమానో చెప్పాలి. కొట్టు రిజిస్టరు దగ్గర పెట్టుకోండి.