కొండమీది ఫలక్‌నుమాను మా పిల్లలకూ చూపించండి

సంపాదకుడి గారికి,

నమస్కారం. ఆదివారం మీ అనుబంధంలో ఫలక్‌నుమా ప్యాలెస్ మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. మా ఆవిడ కళ్లజోడు వెతుక్కుని మరీ చూసింది. అందులో రాయని ఒక్క విషయం కోసం ఈ ఉత్తరం.

నేను పాతబస్తీలో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఇరవై ఆరేళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. బడి డాబా ఎక్కితే కొండ, దాని మీద ప్యాలెస్ కనిపించేవి. ఓసారి ఆరో తరగతి పిల్లలను మన ఊళ్లో పాత కట్టడం ఏదైనా బొమ్మ వేయమంటే దాదాపు అందరూ చార్మినార్ వేశారు. ఒకడు మాత్రం రైలు వేశాడు. ఇదేంట్రా అంటే "ఫలక్‌నుమా సార్" అన్నాడు. వాడి తప్పేం లేదు. సికింద్రాబాద్ నుంచి హౌరా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌కు ఆ పేరుంది, రైల్వే స్టేషన్‌కు ఉంది, సిటీ బస్సు బోర్డు మీద ఉంది. ఆ పేరు ఏ ఇంటిదో, ఆ ఇంటిని మాత్రం వాడు ఎప్పుడూ కిందనుంచే చూశాడు.

ఆ ఇంటి కథ చెబితే పిల్లలు కదలకుండా వింటారు. మన వికారాబాద్ ఎవరి పేరున వెలిసిందో ఆ నవాబు వికారుల్ ఉమ్రాయే దీన్ని కట్టించాడు. నిజాం కొలువులో పెద్ద జాగీర్దార్లైన పాయిగాల వంశస్థుడు, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషాకు బావ, తర్వాతి రోజుల్లో హైదరాబాద్ రాజ్యానికి ప్రధాని. 1884 మార్చి 3న పునాది వేస్తే పూర్తయ్యేసరికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ప్లాను గీసింది విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లిషు ఆర్కిటెక్టు, పాలరాయి ఇటలీది, పైనుంచి చూస్తే భవనం తేలు ఆకారంలో ఉంటుంది. ఇల్లు కట్టి చూడు అన్న మాట నవాబులకూ వర్తిస్తుందేమో, ఆ ఖర్చుకు అంతటివాడూ అప్పుల్లో మునిగాడు. అప్పుడు ఆయన బేగం, నిజాంను ఇంటికి పిలవమని సలహా ఇచ్చిందనీ, వచ్చిన బావమరిదికి ఇల్లు తెగ నచ్చేసి ఎంతకీ కదలకపోతే "ఇది తమదే" అనాల్సి వచ్చిందనీ మా వైపు చెప్పుకుంటారు. 1897లో ప్యాలెస్ నిజాం పరమైంది. ఊరికే కాదు, డబ్బిచ్చే తీసుకున్నాడు. ఆయన 1911లో కన్నుమూసింది కూడా ఆ కొండమీదే.

ఏడో నిజాం తాను ఉండే కింగ్ కోఠీ ప్యాలెస్ వదిలి ఇటు రాలేదు. పెద్ద పెద్ద అతిథులు వస్తేనే తలుపులు తీసేవారు. 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ బస చేసి వెళ్లాక దశాబ్దాల పాటు తాళాలే. 2000లో తాజ్ వాళ్లు లీజుకు తీసుకున్నారు. నిజాం కుటుంబపు కోడలు ఎస్రా దగ్గరుండి చూసుకోగా పదేళ్లు మరమ్మతులు చేసి, 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు.

ప్యాలెస్‌ను హోటల్ చేయడం తప్పని నేను అనను. ఆ పని జరక్కపోతే ఏమయ్యేదో తెలియాలంటే నౌబత్ పహాడ్ దగ్గరి హిల్ ఫోర్ట్ ప్యాలెస్‌ను తలుచుకుంటే చాలు. 1915లో నిజామత్ జంగ్ కట్టించుకున్న ఇల్లది. రిట్జ్ హోటల్‌గా ఏళ్ల తరబడి వెలిగింది. మూతపడ్డాక దాని గోడలు ఎలా పాడుబడ్డాయో ఊరంతా చూసింది. ఫలక్‌నుమా నిలిచిందంటే అది హోటల్ పుణ్యమే.

నేను లోపలికి ఒక్కసారి వెళ్లాను, అదీ అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు టీకి తీసుకెళ్తే. సిబ్బంది ఎంతో మర్యాదగా తిప్పి చూపించారు. లైబ్రరీలో తలెత్తి చూస్తే వాల్‌నట్ చెక్కతో చెక్కిన కప్పు, ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్నదానికి నకలట. మెట్ల పక్క గోడంతా బ్రిటిష్ దొరల పటాలు. భోజనాల గదిలో 108 అడుగుల బల్ల, ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. ఈ చివర గుసగుసలాడితే ఆ చివర వినిపిస్తుందని గైడ్ అంటే మా మేనల్లుడు అటు వెళ్లి ఏదో అన్నాడు. మా ఆవిడకు వినపడింది, నాకు వినపడలేదు. ఇది గది తప్పు కాదు. టీ బిల్లు నా కంట పడకుండా వాడు జేబులో పెట్టేసుకున్నాడు. అదే అసలు సమస్య. హోటల్‌లో దిగినవారో, టీకో భోజనానికో ముందుగా బుక్ చేసుకున్నవారో తప్ప ఈ ఊరి మామూలు మనిషి ఆ గదులు చూసే దారి లేదు.

అది ప్రైవేటు ఆస్తి కదా అంటారు. నిజమే, హక్కుగా అడగడం లేదు. కానీ 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్‌కు ఆ 101 కుర్చీల బల్ల దగ్గర ప్రధాని విందు ఇచ్చినప్పుడు రోడ్లకు తారు వేసింది, వీధిదీపాలు సరిచేసింది ప్రజల డబ్బుతోనే. ఆ వారం మా వీధులు చూసి మేమే గుర్తుపట్టలేకపోయాం. కొండ మీదికి అతిథులొస్తే కొండ కింద ఊరు ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంది. దానికి బదులుగా అడుగుతున్నది చాలా చిన్నది.

జోధ్‌పూర్‌లో ఉమైద్ భవన్ ఉంది. దాన్నీ తాజ్ వాళ్లే హోటల్‌గా నడుపుతున్నారు. ఒక భాగంలో రాజకుటుంబం ఉంటుంది, ఇంకో భాగం మ్యూజియం. టికెట్ కొనుక్కుని ఎవరైనా చూడొచ్చు. దానివల్ల హోటల్ పరువు తగ్గలేదు. అంత దూరం ఎందుకు, బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది కదా. ఒకప్పుడు ఏడాదికి కొద్ది రోజులే చూడనిచ్చేవారు, 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా తెరిచే ఉంచుతున్నారు. భద్రత అనే మాట రాష్ట్రపతి ఇంటికే అడ్డం రాలేదు. చూడాలన్న ఆశ జనానికి లేదనీ అనలేం. 2001లో సాలార్‌జంగ్ మ్యూజియంలో నిజాం నగలు పెట్టినప్పుడు ఒక్క జాకబ్ వజ్రం కోసం క్యూలో నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకని పర్యాటక శాఖ, విద్యా శాఖ హోటల్ వారితో కూర్చుని మాట్లాడాలి. వానాకాలంలో, నెలకు రెండు పూటలు, ఏ మంగళవారమో బుధవారమో పొద్దున. ఇంజన్‌బౌలి, అలియాబాద్, లాల్‌దర్వాజా, జహనుమా చుట్టుపక్కల సర్కారు బడుల నుంచి పూటకు ముప్పై మంది పిల్లలు. మెట్లు, లైబ్రరీ, భోజనాల గది, అంతే. బస చేసినవాళ్ల గదుల వైపు వెళ్లనే అక్కర్లేదు. హోటల్ అతిథులకు చేసే స్వాగతంలా గుర్రపు బగ్గీ వద్దు, గులాబీ రేకులు చల్లడమూ వద్దు, కొండ నడిచే ఎక్కుతారు. ఇంకొకటి, కొండ కింద రోడ్డు పక్కన ఈ కథంతా తెలుగులో, ఉర్దూలో రాసిన బోర్డు ఒకటి పెట్టించండి.

పిల్లలు అల్లరి చేస్తారని, ఏదైనా పగలగొడతారని టెన్షన్ ఉంటే మొదటి నాలుగు జట్లను నాకు అప్పగించండి. చెవి కాస్త మందగించింది గానీ గొంతు ఇంకా బాగానే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
జహనుమా, హైదరాబాద్