వార్షిక నివేదిక: గాంధీజీ హత్య కుట్ర ఎంత దూరం పాకింది?

గౌరవ సభ్యులకు నమస్కారం.

గాంధీజీ హత్య కుట్ర, ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన కేసు విచారణలో బోనులో నిలబడినవారితోనే ఆగిందా? మీ తీర్మానం ప్రకారం మన పఠన సంఘం ఈ ఏడాది ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకుంది. నాలుగు సమావేశాల్లో తేల్చేస్తామని పోయినసారి మాట ఇచ్చాను. తేలలేదు; ఏడాదంతా పట్టింది.

ముందు తీర్పు చదివాం. 1949 ఫిబ్రవరి 10న న్యాయమూర్తి ఆత్మచరణ్ గాడ్సే, ఆప్టేలకు ఉరిశిక్ష, మరో ఐదుగురికి యావజ్జీవ శిక్ష విధించారు. నిందితుడిగా ఉండి ప్రభుత్వం తరఫు సాక్షిగా (అప్రూవర్‌గా) మారిన బాడ్గే మాటకు వేరే ఆధారం తోడు లేకపోవడంతో సావర్కర్ నిర్దోషిగా బయటపడ్డారు. నిందితుల జాబితాలోని మరో ముగ్గురు దొరకనే లేదు.

ఆ తర్వాత, కుట్రపై మళ్లీ విచారణకు ప్రభుత్వం వేసిన కపూర్ కమిషన్ దగ్గరికి వచ్చాం. యావజ్జీవ శిక్ష పడిన గాడ్సే తమ్ముడు గోపాల్ విడుదలయ్యాక 1964లో పూనాలో జరిగిన సన్మాన సభలో, హత్య జరగబోయే సంగతి తనకు ముందే తెలుసని తిలక్ దౌహిత్రుడు కేత్కర్ అనడంతో దేశమంతా గగ్గోలు పుట్టింది. కమిషన్ 101 మంది సాక్షులను విచారించి, 1969లో నివేదిక ఇచ్చింది. సావర్కర్ అంగరక్షకుడు, కార్యదర్శి 1948లోనే పోలీసులకిచ్చిన వాంగ్మూలాలు అందులో ఉన్నాయి. వారిద్దరినీ కోర్టులో సాక్షులుగా నిలబెట్టలేదు. సావర్కర్, ఆయన బృందం కుట్ర పన్నారన్నదే కమిషన్ అభిప్రాయం. అప్పటికి సావర్కర్ మరణించి మూడేళ్లయింది. నిర్దోషి అన్న తీర్పు ఒకవైపు, ఈ అభిప్రాయం మరోవైపు. దీని మీద మన సభ్యులు రెండుగా చీలారు. ఒక సమావేశం టీ రాకముందే ముగిసింది.

నా మట్టుకు నాకు జనవరి 30న జరిగిన హత్యకు ముందరి పది రోజులే మింగుడుపడవు. 1948 జనవరి 20న గాంధీజీ ఉంటున్న బిర్లా భవన్‌లో బాంబు పేలింది. కుట్రదారుల్లో ఒకడైన మదన్‌లాల్ అక్కడికక్కడే దొరికాడు. ఒక పత్రికా సంపాదకుడి (గాడ్సే పత్రికా సంపాదకుడే) ప్రస్తావన కూడా తెచ్చాడు. మదన్‌లాల్ తనతో ముందే చెప్పిన మాటలను మర్నాడు బొంబాయి ప్రొఫెసర్ జైన్ ఆ రాష్ట్ర ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) ఖేర్‌కు, రాష్ట్ర హోంమంత్రి మొరార్జీ దేశాయ్‌కి చేరవేశారు. ఢిల్లీ పోలీసులు బొంబాయి వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చారు. తెలిసి ఊరుకున్నవారిని, తెలిసినా కదలనివారిని ఏ అభియోగపత్రంలో చేర్చాలి?

ఇక శంకర్ కిష్టయ్య. పూనాలో ఆయుధాలమ్మే బాడ్గే దగ్గర నౌకరు. అతని కోసమే ఎర్రకోటలో సాక్ష్యాలను తెలుగులోకి అనువదించేవారు. నేరం ఒప్పుకుని సాక్ష్యమిచ్చిన యజమానికి క్షమాభిక్ష దొరికింది. చెప్పిన పని చేసిన నౌకరుకు యావజ్జీవం పడింది. అప్పీలులో విడుదలయ్యాడు కాబట్టి సరిపోయింది. మన సంఘంలో ఎక్కువ మంది అతని పేరు మొదటిసారి విన్నది ఈ ఏడాదే.

లెక్కలు కోశాధికారి విడిగా చదువుతారు. తీసుకెళ్లిన పుస్తకాలు దయచేసి తెచ్చివ్వండి. వచ్చే ఏడాది విషయం మీరే సూచించండి. నాలుగు సమావేశాలని మాత్రం ఈసారి నేను మాటివ్వను.

కార్యదర్శి