శనివారం మా ఇంటికి వచ్చేవాళ్లకు

అందరికీ నమస్కారం.
శనివారం సాయంత్రం 5 గంటలకు భోజనాలు మా ఇంట్లోనే, మార్పేమీ లేదు. కాకపోతే పక్కింటివాళ్లు ఊరెళ్లారు. వాళ్ల లాబ్రడార్ బ్రూనోని బుధవారం దాకా మేమిద్దరం చూసుకుంటున్నాం.

చాలా మంచిది, కరవదు. తిండి కనిపిస్తే మాత్రం ఆగదు. పాయసం తెచ్చేవాళ్లు దయచేసి కిస్‌మిస్ వేయకండి. కిస్‌మిస్, ద్రాక్ష కొంచెం తిన్నా కుక్కల కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా విషమే. ప్లేట్లు కింద పెట్టొద్దని పిల్లలకు ముందే చెప్పండి.

కుక్కలంటే భయం, ఎలర్జీ ఉన్నవాళ్లు శుక్రవారంలోపు మెసేజ్ పెట్టండి, బ్రూనోని పై గదిలో ఉంచుతాం.

లోపలికి రాగానే తలుపు వేసేయండి. ఇక్కడ యూకేలో టపాకాయలు కాల్చే బాన్‌ఫైర్ నైట్, నవంబర్ 5 దగ్గరపడింది కదా, టపాకాయల మోతకి బెదిరి బయటికి పరిగెత్తేస్తుంది. మెడపట్టీ తీయకండి. బయటికెళ్లే కుక్కకి యజమాని పేరు, అడ్రస్ ఉన్న పట్టీ యూకేలో తప్పనిసరి.