గుత్తి బస్సులో మా నాన్నగారి మాట విన్న పెద్దాయనకు

అనంతపురం నుంచి గుత్తికి వెళ్లే బస్సులో మా నాన్నగారి పక్కన కూర్చున్న, పేరు తెలియని పెద్దాయనకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. వేరుశనగ సాగు మానుకొని ఎద్దులను అమ్మిన నాటి నుంచి ముభావంగా ఉంటున్న ఆయనకు ధైర్యం చెప్పినవారు చాలామందే గాని, "వాటిని ఏమని పిలుస్తాంటివన్నా?" అని అడిగినవారు మీరొక్కరే. ఎదుటివారి అంతరంగాన్ని తనదే అన్నట్టుగా గ్రహిస్తూనే, అది తనది కాదన్న ఎరుకను కోల్పోకుండా ఉండటమే సహానుభూతి అని మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో వివరించారు. ఆయనను మీరు చదివారో లేదో గాని, సలహా ఒక్కటీ ఇవ్వకుండా పామిడి దాటేదాకా ఓపికగా విన్నారు. ఆ ఎద్దుల ముచ్చట్లు నాన్నగారు ఇప్పుడు మాకూ చెబుతున్నారు. మీరు దిగే హడావిడిలో పేరు అడగడం కుదరలేదు కనుక ఇలా బహిరంగంగా రాస్తున్నాను.